జర్మన్‌లో ‘ఐన్’ ఎప్పుడు, ‘డేర్’ ఎప్పుడు?

‘ఐన్’ అంటే ఒక, ‘డేర్-డీ-డాస్’ అంటే ఆ అని గుర్తుపెట్టుకున్నా సగం వాక్యాలు తప్పుతున్నాయని అడిగారు. (లింగాన్ని, విభక్తిని బట్టి ఇవి రూపం మారతాయి: కింద వచ్చే ‘ఐనె’, ‘ఐనెమ్’ ఐన్ రూపాలే, ‘డేమ్’ డేర్-డాస్‌ల రూపం.) తప్పు మీది కాదు, ఆ లెక్కదే.

మనం ‘బయట కుక్క మొరుగుతోంది’ అంటాం. వీధి కుక్కా, మన ఇంటి కుక్కా అన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. జర్మన్‌లో అది మాటలోనే తేలిపోవాలి: ఏదో కుక్కయితే ‘ఐన్ హుంట్’, మనదే అయితే ‘డేర్ హుంట్’. ఏది అంటున్నామో వినేవాళ్లు పట్టుకోగలరా అన్నదే అసలు ప్రశ్న. మనకి తెలుసా లేదా అన్నదానితో పని లేదు. మీకు ప్రాణస్నేహితుడే కావచ్చు, వినేవాళ్లకి కొత్తయితే ‘ఐన్ ఫ్రోయింట్’ అనే మొదలుపెట్టాలి.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడ. ‘సైకిల్ కొన్నా, బెల్లు పాడైంది’ అని చెప్పాలి. ‘ఇష్ హాబె ఐన్ ఫాహ్‌రాట్ గెకావుఫ్ట్. డీ క్లింగెల్ ఇస్ట్ కపుట్.’ బెల్లు మాట మొదటిసారే వచ్చింది కదా అని ‘ఐనె క్లింగెల్’ అంటే, ఈ సైకిల్‌తో సంబంధం లేని ఏదో బెల్లు అనిపిస్తుంది. సైకిల్ పేరెత్తగానే దాని బెల్లు, సీటు, చక్రాలు అన్నీ వినేవాళ్లకి తెలిసినవే అయిపోతాయి, అందుకే ‘డీ’. తెలుగులో ఇక్కడ ‘ఆ బెల్లు’ అనం. డేర్ అంటే ‘ఆ’ కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మరి మన ‘ఆ’ ఎక్కడ సరిపోతుంది? ‘త్సుమ్ ఆర్ట్‌స్ట్’ అంటే ఊరికే ‘డాక్టర్ దగ్గరికి’. ఏ డాక్టరన్నది ముఖ్యం కాదు. దాన్ని విడదీసి ‘త్సు డేమ్ ఆర్ట్‌స్ట్’ అన్నారంటే, ‘నువ్వు చెప్పావే, ఆ డాక్టర్ దగ్గరికి’ అన్నట్టు. పుస్తకాల్లో ‘త్సు’, ‘డేమ్’ కలిసి ‘త్సుమ్’ అవుతుందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, అర్థంలో తేడా ఉంది.

మన భాషలో ఈ ఐన్-డేర్ తేడాకి దగ్గరగా ఉన్నది ‘ఒక’ కన్నా ‘-ని’ అని నా అభిప్రాయం. ‘పిల్లాడికి పుస్తకం ఇస్తా’: ‘ఇష్ గేబె డేమ్ కింట్ ఐన్ బూఖ్’. ‘పుస్తకాన్ని ఒక పిల్లాడికి ఇస్తా’: ‘ఇష్ గేబె డాస్ బూఖ్ ఐనెమ్ కింట్’. తెలిసినది ముందుకి, కొత్తది వెనక్కి జరగడం కూడా రెండు భాషల్లోనూ ఒకేలా ఉంది చూడండి. అయితే ఈ కిటుకు వస్తువులకే. మనుషులకి ఎలాగూ ‘-ని’ పెడతాం కాబట్టి అక్కడ పనిచెయ్యదు.

కాదు, లేదు అనేటప్పుడు కూడా ఇదే తేడా. ‘నాకు కారు లేదు’ అంటే ‘ఇష్ హాబె కైన్ ఆవుటో’. ‘నిష్ట్ ఐన్ ఆవుటో’ అనకండి, ‘ఒకటి కాదు, రెండు’ అని నొక్కి చెప్పేటప్పుడే అది నప్పుతుంది. తెలిసిన కారు కనబడకపోతే ‘ఇష్ ఫిండె డాస్ ఆవుటో నిష్ట్’.

‘ఐన్’కి బహువచనం లేదు, ఎవరో పిల్లలైతే ఉత్త ‘కిండర్’. వృత్తి చెప్పేటప్పుడూ ఏమీ పెట్టరు: ‘ఇష్ బిన్ లేరర్’ (నేను టీచర్ని). దక్షిణ జర్మనీలో పేర్ల ముందు కూడా ‘డేర్ పీటర్’ అనడం వింటారు. అది మామూలు వాడుకే, రాతలో మాత్రం అనుకరించొద్దు.

సాధనకి ఒక చిన్న జర్మన్ వార్త తీసుకుని ఆర్టికల్స్ (ఈ ఐన్, డేర్ లాంటి మాటలు) అన్నీ కొట్టేయండి. మర్నాడు నింపుతూ, ‘డేర్’ పెట్టిన ప్రతిచోటా పాఠకుడికి అది ఎలా తెలుసో పక్కన రాయండి: ముందు వచ్చిందా, సైకిల్-బెల్లు సంబంధమా, సూర్యుడిలా లోకానికి ఒక్కటేనా. ఏ కారణమూ దొరకని చోట మీ ‘డేర్’ చాలావరకు తప్పే.