చిన్న లేతు, సన్న పని

లేతు (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే రకం: జాబ్, అంటే లేతులో కోసే ముక్క, అగ్గిపుల్లంత లావు దాటదు, బాధ మాత్రం బండెడు. అందుకని పెద్ద పనుల ప్రశ్నలను పక్కన పెట్టాను. వాటికి వచ్చే నెల జవాబిస్తాను.

ప్రశ్న: మూడు నెలల కిందట 80 మి.మీ. చక్కు (జాబ్‌ను పట్టి తిప్పే భాగం) ఉన్న చిన్న లేతు కొన్నాను. మా తాతగారి గోడ గడియారంలో గంట కొట్టే సుత్తి ఇరుసు అరిగిపోయింది. కొత్తది చేయాలంటే 3 మి.మీ. సిల్వర్ స్టీల్ అనే ఉక్కు కడ్డీకి రెండు కొసలా 1 మి.మీ. లావు, 4 మి.మీ. పొడవు మొనలు తీయాలి. 0.1 మి.మీ. చొప్పున ఎంతో జాగ్రత్తగా కట్ వేస్తున్నాను. అయినా కొస లావుగా, మొదలు సన్నగా వస్తోంది. చివరి కట్‌లో మొన వంగిపోతోంది. ఇప్పటికి ఆరు కడ్డీలు పోయాయి. ఫొటో పంపుతున్నాను. లేతులోనే లోపం ఉందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, తెనాలి

జవాబు: లేతుకేం రోగం లేదండీ. మీరు మరీ జాగ్రత్తపడ్డారు, అదే ముంచింది.

మీరు చేస్తున్నది ఒకసారి ఊహించుకోండి. 0.1 చొప్పున కోస్తూ పోతే చివరి రెండు మూడు కట్లు వచ్చేసరికి చక్కు ముందు మిగిలేది కడ్డీ కాదు, తీగ. టూల్ దాన్ని కోయాలని ఆనుకుంటే అది పక్కకు జరుగుతుంది. కొస దగ్గర ఎక్కువ జరుగుతుంది కాబట్టి అక్కడ తక్కువ తెగి లావుగా మిగులుతుంది. అదే పొడవు, అదే లోహం అనుకుంటే 3 మి.మీ. కడ్డీ కంటే 1 మి.మీ. కడ్డీ 81 రెట్లు ఎక్కువ వంగుతుంది. బయటికి పెట్టిన పొడవు రెట్టింపైతే ఎనిమిది రెట్లు. మీ ఫొటోలో కడ్డీ చక్కు బయటికి రెండంగుళాలు ఉంది. 4 మి.మీ. మొనకు అంత ఎందుకండీ? ఏడెనిమిది మి.మీ. చాలు.

నేను 1983లో హైదరాబాదు బాలానగర్‌లో ఒక టూల్ రూమ్‌లో హెల్పర్‌గా చేరాను. మొదటి ఏడాదే ఇలాంటి పిన్నుల పని నా నెత్తిన పడింది. సన్నది కదా, ఆసరా ఇద్దామని చక్కుకు ఎదురుగా ఉండే టెయిల్ స్టాక్‌లో మొనదేలిన సెంటర్ తెచ్చి బిగించాను. పిన్ను విల్లులా వంగింది. పక్క లేతు మీది మా ఉస్తాద్ వచ్చి, మాట్లాడకుండా సెంటర్ వెనక్కి లాగేశాడు. కడ్డీని లోపలికి తోసి చక్కు బిగించి, “బిడ్డా, లావుదాన్ని కొయ్యి. సన్నదాన్ని టూల్ ఎనక వదిలెయ్” అన్నాడు. ఆ మాట బుర్రకెక్కడానికి నాకు వారం పట్టింది.

దాని అర్థం ఇది. లోతు మొత్తం ఒకే కట్‌లో తీస్తూ కొస నుంచి చక్కు వైపు మెల్లగా పోతే, టూల్ ఎప్పుడూ కోసేది 3 మి.మీ. కడ్డీనే. బలమంతా ఆ లావు భాగం మీద పడుతుంది. సన్నబడిన మొన టూల్ దాటి వచ్చేసింది, దాని మీద ఒత్తిడి లేదు.

కొలత కుదిరేది ఇలా. ముందు కొస దగ్గర ఒక్క మి.మీ. పొడవు మాత్రమే తీసుకుని, మైక్రోమీటరుతో కొలుచుకుంటూ 1.02కి తెండి. అంత పొట్టి ముక్క వంగదు. అక్కడ క్రాస్ స్లయిడ్‌ను (టూల్‌ను జాబ్‌లోకి అడ్డంగా నడిపేది) బిగించేయండి, ఇక దాన్ని ముట్టుకోవద్దు. మిగతా 3 మి.మీ. పొడవును చేత్తో మెల్లగా ఫీడ్ ఇస్తూ ఒకే పోతలో లాగండి. స్టీలు కాబట్టి లేతు మూలిగితే మి.మీ.న్నర చొప్పున రెండు విడతలుగా చేయండి. ప్రతి విడతా 3 మి.మీ. లావు నుంచే మొదలవ్వాలి. మిగిలిన 0.02ను మెరుగు పెట్టేటప్పుడు తీయవచ్చు.

డయల్ మీద 0.01 పట్టుకోవడం చిన్న లేతులో కష్టమే. దానికి పాత చిట్కా ఒకటుంది. క్రాస్ స్లయిడ్ పైన కోణానికి తిరిగే కాంపౌండ్ స్లయిడ్‌ను జాబ్ పొడవు దిక్కుకు 5 డిగ్రీల 45 నిమిషాల కోణంలో తిప్పి పెట్టండి. అప్పుడు కాంపౌండ్ 0.1 జరిపితే టూల్ లోపలికి వెళ్లేది 0.01 మాత్రమే, వ్యాసంలో 0.02 తగ్గుతుంది. చేయి కాస్త వణికినా జాబ్ బతుకుతుంది.

టూల్ సంగతి. ఫొటోలో ఉన్నది కార్బైడ్ ముక్క, మూల గుండ్రం. అది పెద్ద లేతు మీద బరువు కట్లకు సరిపోతుంది. సన్న పనిలో కోయడం కంటే తోయడం ఎక్కువ. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు) ముక్క ఒకటి గ్రైండ్ చేసుకోండి. ముందు అంచు జాబ్‌కు లంబంగా, ముక్కు దాదాపు సూది. ఆ పైన ఆయిల్ స్టోన్ మీద నాలుగు రుద్దులు. బొటనవేలి గోరు మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి, అప్పుడే పదును వచ్చినట్టు.

స్పీడు గురించి అడగలేదు గానీ ఫొటోలో నాబ్ సగంలోనే ఉంది. హెచ్‌ఎస్‌ఎస్‌తో స్టీలుకు నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, 1 మి.మీ. లావుకు దాదాపు 8,000 ఆర్‌పీఎం కావాలి. ఇలాంటి చిన్న లేతులు 2,500 దగ్గర ఆగిపోతాయి. కాబట్టి నాబ్ చివరిదాకా తిప్పండి, భయం లేదు.

ఇక అసలు చిక్కు రెండో కొస. కడ్డీ తిప్పి మళ్లీ మూడు దవడల చక్కులో పెడితే, రెండో మొన మొదటిదానికి వరుస తప్పుతుంది. మామూలు చక్కులో 0.05 నుంచి 0.1 దాకా ఊగిసలాట ఉంటుంది, 1 మి.మీ. మొనకు అది ఎక్కువే. కొలెట్ చక్కు (కడ్డీని చుట్టూ సమంగా పట్టేది) కొనుక్కుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. ఇప్పుడే ఖర్చెందుకు అనుకుంటే ఇత్తడితో బుష్ (మధ్యలో రంధ్రమున్న తొడుగు) చేసుకోండి. మూడు సూతుల (3/8 అంగుళం) ఇత్తడి రాడ్డు ముక్కను చక్కులో బిగించి, ఫేసింగ్ చేసి (కొసను చదును చేసి), 2.9 డ్రిల్లు వేసి, రంధ్రాన్ని కొలతకు తెచ్చే 3 మి.మీ. రీమర్ పోనివ్వండి. తీసే ముందు ఒకటో నంబరు దవడకు ఎదురుగా బుష్ మీద పంచ్‌తో చుక్క పెట్టండి. తీసి ఒక పక్క నిలువునా హాక్సా బ్లేడుతో చీల్చి, గరుకు పోగొట్టి, ఆ చుక్క అదే దవడకు వచ్చేలా మళ్లీ పెట్టండి. రంధ్రం ఆ చక్కులోనే పుట్టింది కాబట్టి, చక్కు ఊగినా కడ్డీ ఊగదు. నా దగ్గర ఇలాంటి బుష్‌లు పాత హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ఫేసింగ్ చేస్తే మధ్యలో చిన్న బొడిపె మిగిలిపోతోంది. ఆ తర్వాత డ్రిల్లు పక్కకు పోతోంది.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: టూల్ ఎత్తు తేడా తల్లీ. 20 మి.మీ. రాడ్డులో ఆ తేడా కనబడదు, 2 మి.మీ.లో అదే కొంప ముంచుతుంది. చక్కులో గుండ్రటి రాడ్డు పెట్టి, రాడ్డుకూ టూల్ మొనకూ మధ్య ఆరంగుళాల స్టీలు స్కేలు నిలబెట్టి మెత్తగా నొక్కు. లేతు ఆపి ఉండాలి సుమా. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరి. పై కొస నీ వైపు వాలితే టూల్ కిందికుంది, అవతలికి వాలితే పైకుంది. కిందికుంటే టూల్ అడుగున కూల్‌డ్రింక్ క్యాన్ రేకు కత్తిరించి వెయ్యి, అది 0.1 మి.మీ. దగ్గర ఉంటుంది. ఇంకా కావాలంటే విరిగిన హాక్సా బ్లేడు ముక్క. కాలేజీ వర్క్‌షాపులో వాటికి కొదవుండదు.

ప్రశ్న: పాత గాల్వనోమీటరు (కొద్దిపాటి కరెంటును కొలిచే పరికరం) బాగు చేస్తున్నాను. దాని టెర్మినల్ స్క్రూ పోయింది. రంధ్రం కొలిచి, 2.2 మి.మీ. మెట్రిక్ మరలు కోసే ఎం2.2 డైతో ఇత్తడి స్క్రూ చేశాను. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతోంది.
– రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, కాకినాడ

జవాబు: మాస్టారూ, ఇంకొక్క చుట్టు కూడా బలవంతంగా తిప్పకండి, లోపలి మరలు పోతాయి. మీ పరికరం ఇంగ్లండులో చేసిన పాతకాలపుదైతే దాని మర మెట్రిక్ కాదు, బీఏ. బ్రిటిష్ అసోసియేషన్ వాళ్లు 1884లో ప్రతిపాదించిన చిన్న మరల వరుస అది. 0 బీఏకి లావు 6 మి.మీ., పిచ్ (ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం) 1 మి.మీ. అక్కణ్నుంచి ఒక్కో నంబరుకూ పిచ్ పదో వంతు తగ్గుతూ పోతుంది. 8 బీఏ లావు 2.2, పిచ్ 0.43, మర కోణం నలభై ఏడున్నర డిగ్రీలు. మీ ఎం2.2 లావు అంతే, కానీ పిచ్ 0.45, కోణం 60. అందుకే రెండు చుట్లు మర్యాదగా ఎక్కి, మూడో చుట్టులో మొరాయించింది. 8 బీఏ డై తెప్పించుకోండి.

డై వేసేటప్పుడు రాడ్డును 2.15కి తీసి, కొసను కాస్త ఏటవాలు చేయండి. డైని టెయిల్ స్టాక్‌తో నెట్టి నిలబెట్టి, చక్కును చేత్తో తిప్పండి. మోటారు వద్దు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఇత్తడికి నూనె అక్కర్లేదు.

ప్రశ్న: పార్టింగ్ చేయగానే (పూర్తయిన జాబ్‌ను రాడ్డు నుంచి కోసి వేరుచేయగానే) జాబ్ ఎగిరి ఎక్కడో పడుతోంది. గంట పని, రెండు గంటల వెతుకులాట.
– ఒక మెకానిక్, నిజామాబాద్

జవాబు: నాకూ అంతే జరిగేది. ఒకసారి రాత్రి పదకొండింటికి కోసిన 1.2 మి.మీ. పిన్ను వరండా మోరీలోకి పోయింది. పొద్దున్నే పైపు విప్పించాను. ప్లంబర్ “బంగారమా సార్?” అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. మరుసటి రోజు మా ఆవిడ టీ వడపోత ఒకటి లేతు దగ్గరికి చేరింది. పార్టింగ్ టూల్ చివరికి వస్తుండగా దాన్ని జాబ్ కింద పట్టాలి, చక్కు దవడలకు ఆమడ దూరంలో. జాబ్‌కు మధ్యలో రంధ్రముంటే ఇంకా సులువు. టెయిల్ స్టాక్ డ్రిల్ చక్కులో సన్న తీగ బిగించి ఆ రంధ్రంలోకి దూర్చండి. తెగగానే జాబ్ తీగ మీదే ఉండిపోతుంది.

మీ ఉత్తరం కింద ఇంకో మాట రాశారు: మెరుగు కోసం ఎమరీ (గరుకు) పట్టీని చూపుడువేలికి చుట్టుకుని అద్దుతున్నానని. ఆ పని ఈరోజే మానేయండి. నా గోరు ఒకటి అలాగే పోయింది, వేలు దక్కింది. ఐస్‌క్రీమ్ పుల్లకు ఎమరీ ముక్క అంటించి దానితో రుద్దండి. లేతు పట్టుకుంటే పోయేది పుల్లే. టీ వడపోత మాత్రం కొత్తది కొని ఇంట్లో పెట్టండి. నేను ఆలస్యం చేశాను.