లైపోసక్షన్ చేయించుకునే ముందు ఒక్క మాట

ఇద్దరు పిల్లలు పుట్టాక పొట్ట తగ్గట్లేదు, లైపోసక్షన్ చేయించుకోవచ్చా అని అడిగారు. మా అక్కకు ఆ ఆపరేషన్ అయినప్పుడు దగ్గరుండి చూసుకున్నది నేనే కాబట్టి చెప్తున్నాను.

ముందు నిలబడి పొట్టను చేత్తో పట్టి చూసుకోండి. మడతలా చేతికి చిక్కేది చర్మం కింది కొవ్వు, లైపోసక్షన్‌లో డాక్టర్లు గొట్టంతో లాగేసేది దాన్నే. పొట్ట గట్టిగా ముందుకొచ్చి చేతికేమీ చిక్కకపోతే ఆ కొవ్వు లోపల పేగుల చుట్టూ ఉన్నట్టే. దాని జోలికి ఈ ఆపరేషన్ వెళ్లదు. కాన్పుల వల్ల చర్మం వేలాడుతున్నా, పొట్ట కండరాలు మధ్యలో విడిపోయినా కొవ్వు లాగేస్తే సర్దుకోవు. దానికి టమ్మీ టక్ అని ఇంకా పెద్ద ఆపరేషన్ ఉంది. మళ్లీ పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఏదైనా ఆ తర్వాతే.

ఇవన్నీ డాక్టర్లు చెప్తారు. చెప్పనిది ఆ తర్వాతి రోజుల సంగతి. కొవ్వు లాగే ముందు సెలైన్‌లో మత్తుమందు కలిపి లోపలికి ఎక్కిస్తారు. మిగిలిన నీరు గాట్లలోంచి కారుతూ ఉంటుంది. మొదటి రాత్రి ఆ లేత ఎర్రనీళ్లు దుప్పటి తడిపి పరుపులోకి దిగాయి. రక్తమంతా పోతోందని అక్క ఒకటే ఏడుపు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే 'మామూలేనమ్మా, బయటికి పోవడమే మంచిది' అన్నారు. ఆ ముక్క ముందే చెబితే ఏం పోయింది? తర్వాత స్నానానికని, ఆపరేషన్ అయ్యాక పొట్టకు వేసిన బిగుతు బెల్టు హుక్కులు ఒక్కొక్కటే విప్పుతున్నాను. సగానికి వచ్చేసరికి అక్క ముఖం పాలిపోయి నా భుజం మీదికి ఒరిగిపోయింది. బిగుతు ఒక్కసారిగా వదిలితే కొందరికి బీపీ పడిపోతుందట. నిలబెట్టి విప్పకూడదు, పడుకోబెట్టి మెల్లగా విప్పాలి.

అందుకే నేనైతే డబ్బు సంగతి కన్నా ముందు, మీ పక్కన ఎవరుంటారని అడుగుతాను. కొన్నాళ్లు పిల్లల్ని ఎత్తుకోకూడదు. బెల్టు వారాల తరబడి వేసుకోవాలి. వాపు పూర్తిగా తీసి అసలు ఆకారం తేలేసరికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. నెట్‌లో పెట్టే 'ముందు, తర్వాత' ఫొటోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు ఫొటోలో పొట్ట వదిలేసి నిలబడతారు, తర్వాత ఫొటోలో ఊపిరి బిగబడతారు. మధ్యలో ఆ వాపు, ఆ కమిలిన మచ్చలు ఒక్కరూ పెట్టరు.

షుగర్ దారికొస్తుందని మాత్రం చేయించుకోకండి. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో స్థూలకాయం ఉన్న 15 మంది ఆడవాళ్ల పొట్ట నుంచి సుమారు 10 కిలోల కొవ్వు తీశారు. అయినా ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు.

అక్కకు నడుము చక్కగా వచ్చింది, తను సంతోషంగానే ఉంది. బొడ్డు పక్కన చిన్న పల్లం మిగిలింది, అక్కడ తిమ్మిరి చాలాకాలం పోలేదు. తన బరువు ముందు నుంచీ నిలకడగా ఉంది, మొండికేసింది ఆ ఒక్క చోటే. మీదీ అలాంటి పొట్టే అయితే వెళ్లి సర్జన్‌ను కలవండి. పొట్ట పట్టి చూడకుండానే ఆపరేషన్ తేదీ ఇస్తే మాత్రం లేచి వచ్చేయండి.