ఆ ఫోన్ అతనిది

నాన్నా,

నీ స్నేహితుడు నిన్ను నార్సిసిస్ట్ అన్నాడని, అంటే ఎప్పుడూ తన గొప్పే చూసుకుంటూ ఎదుటివాళ్ళని పట్టించుకోని మనిషి అన్నాడని, రెండు రాత్రులుగా నిద్ర లేదని రాశావు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకో. డాక్టర్లు దాన్ని జబ్బుగా తేల్చాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, అవీ ఏళ్ల తరబడి. కోపంలో అన్న మాటతో అది తేలదు. అలాగని అతని బాధని కొట్టిపారెయ్యకు.

వాళ్ళ నాన్నకి ఆపరేషన్ అని అతను ఫోన్ చేశాడు. నువ్వేమో "మా తాతయ్యకీ ఇలాగే అయింది" అని మొదలుపెట్టి, ఎంత తిరిగావో, డాక్టర్‌ని ఎలా నిలదీశావో చెప్పుకుంటూ పోయావు. నువ్వు తిరిగిన మాట నిజమే, నేను చూశాను. కానీ ఆ ఫోన్ అతనిది.

నాలోనూ ఈ గుణం ఉంది. మా ఆఫీసులో ఒకావిడకి ఒంట్లో బాగోక సెలవు పెడితే నెలరోజులు ఆవిడ పనంతా నేనే చేశాను. తిరిగొచ్చిన రోజు ఆవిడ మొదట వేరేవాళ్ళకి థాంక్స్ చెప్పింది. వారం రోజులు ముభావంగా ఉండిపోయాను. ఆ వారంలో ఒంట్లో ఎలా ఉందని ఆవిణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు. 'నా అంత సాయం చేసేవాళ్ళు లేరు' అనుకోవడం కూడా నార్సిసిజంలో ఒక రకమేనట. చాలాకాలం తర్వాత అది చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది.

ఇది మారుతుందా అని అడిగావు. మారుతుందనే నా నమ్మకం. 2014లో ఎరికా హెప్పర్, ఇంకొందరు పరిశోధకులు గృహహింస గురించి చెబుతున్న ఒక స్త్రీ వీడియో చూపించారు. జబ్బు దాకా వెళ్ళకపోయినా నార్సిసిజం ఎక్కువున్నవాళ్ళు మామూలుగా చూసినప్పుడు అంతగా కదల్లేదు. 'ఆమెకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటూ చూడండి' అని చెబితే మాత్రం వాళ్ళకీ జాలి కలిగింది. ఇంకో ప్రయోగంలో అలా ఊహించుకున్నవాళ్ళ గుండె కూడా మిగతావాళ్ళలాగే వేగంగా కొట్టుకుంది. అంటే చాతకాక కాదు, మనసు అటు పెట్టక.

అందుకే ఎవరైనా కష్టం చెబుతుంటే "నాకూ" అనే మాట నోటిదాకా వచ్చినా ఆపుకో. దాని బదులు ఒక ప్రశ్న అడుగు. మొదట్లో కృతకంగానే ఉంటుంది, ఉండనీ.

ఇవాళే అతనికి ఫోన్ చెయ్యి. సారీ ఒక్కసారి చెప్పి వదిలెయ్యి. నువ్వెంత బాధపడ్డావో చెప్పడం మొదలుపెడితే అతనే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. రాత్రిళ్ళు వాళ్ళ నాన్న దగ్గర ఎవరుంటున్నారో, అతను కాస్తయినా పడుకుంటున్నాడో అడుగు.

తర్వాత నాకు ఫోన్ చేసి, ఆయనకి ఎలా ఉందో చెప్పు.

మీ పెద్దమ్మ