పేగు ఆపరేషన్ అయిన కుక్కని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

రబ్బరు బంతి ముక్క మింగితే నిన్న మీ కుక్కకి పేగు కోసి తీశారనీ, ఇంటికొచ్చాక ఏమీ ముట్టట్లేదనీ, కుట్లు నాకేస్తోందనీ, మామ్మగారేమో పసుపు రాయమంటున్నారనీ అడిగారు. పసుపు మాత్రం వద్దండి. డాక్టరు ఇచ్చిన మందు తప్ప ఇంకేదీ గాయానికి తగలనివ్వకండి.

మాది అమలాపురం దగ్గర పల్లె. రెండేళ్ల కిందట వేసవిలో మా బుజ్జిగాడు, నాటు కుక్కే లెండి, మేం చిన్నరసాలు జుర్రేసి పెరట్లో పడేసిన టెంక మింగేశాడు. రెండు రోజులు తాగిన నీళ్లు కూడా కక్కేస్తుంటే ఎదుర్లంక వంతెన దాటించి కాకినాడ తీసుకెళ్లాం. ఆపరేషన్ చేసి తీసిన టెంకని డబ్బాలో వేసి ఇచ్చారు. మా అమ్మ దాన్ని చాన్నాళ్లు అల్మారాలో దాచింది, ఎందుకో మరి!

అందరి కళ్లూ పైకి కనిపించే కుట్ల మీదే ఉంటాయి. భయమంతా లోపలి కుట్టుతోనండి. పేగుకి వేసిన కుట్టు వదిలితే ఎక్కువగా మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్యే బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే కుక్క తోకాడిస్తూ తిరుగుతుంది, మనం గండం గడిచిందనుకుంటాం. మూడో రోజు సాయంత్రం మా అమ్మ జాలిపడి చేపల పులుసన్నం పెట్టేసింది. రాత్రి రెండుసార్లు కక్కాడు. తెల్లారేసరికి మళ్లీ వంతెన మీద ఉన్నాం. కుట్టు నిలిచింది గానీ మా ప్రాణాలు పోయినంత పనయింది. వాంతులు, బిగిసిపోయిన పొట్ట, మూలకి ముడుచుకుని లేవకపోవడం, 103 డిగ్రీలు దాటిన జ్వరం (కుక్కకి 101, 102 మామూలే), వీటిలో ఏది కనిపించినా పొద్దుటిదాకా ఆగకండి.

మొదటి రోజు తినకపోవడం మత్తు వల్ల కావచ్చు. రేపు కూడా ముట్టకపోతే ఫోన్ చెయ్యండి. డాక్టరు సరేనన్నాక మేం జావలా ఉడికించిన అన్నంలో ఎముకల్లేని చికెన్ చిదిపి, కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు పెట్టాం. ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా. రెండు రోజులు దొడ్డికి వెళ్లకపోయినా కంగారొద్దు, పొట్టలో ఏముందని? తారులా నల్లగా వస్తే మాత్రం చెప్పాలి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పొరపాటున కూడా వెయ్యకండి.

నాకకుండా మెడకి పెట్టే కోన్‌తో మావాడు గుమ్మాలన్నీ గుద్దేసేవాడు. తమ్ముడి పాత టీషర్టు తొడిగి నడుం దగ్గర ముడేశాం. మన ఉక్కకి చెమ్మ పడుతుంది కాబట్టి పూటకొకటి మార్చాలి. ఈగ వాలితే పుండులో పురుగు పడుతుందని దోమతెరలో పడుకోబెట్టాం. ఇంటి ముందే పంటకాలవ, ఎండెక్కితే దూకడం వాడికి అలవాటు. అందుకే పన్నెండో రోజు కుట్లు విప్పేదాకా గొలుసు లేకుండా గుమ్మం దాటనివ్వలేదు.

ఎల్లుండి నుంచి మూడు రాత్రులు మీలో ఎవరో ఒకరు దాని పక్కనే పడుకోండి.