బంగారానికి బీమా లేదు, అప్పు మీద తుపాకీ మాత్రం కొంటారా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకూ మా ఆవిడకూ గ్రీన్‌కార్డ్ ఉంది. పిల్లలకు 13, 9 ఏళ్లు. మాస్టర్స్ చేస్తున్న మా బామ్మర్ది మాతోనే ఉంటున్నాడు. పోయిన నెల మా వీధిలో ఓ తెలుగువాళ్లు పెళ్లికి వెళ్లొచ్చేసరికి ఇంట్లో బంగారమంతా ఎత్తుకుపోయారు. మా ఇంట్లో 60 తులాలుంది, విలువ 70 వేల డాలర్ల దాకా ఉంటుంది. మేడమీద ఒకటి, కింద ఒకటి పిస్టల్, సేఫ్, శిక్షణ అన్నీ కలిపి 4,200 డాలర్లవుతుంది. స్టోర్ కార్డు మీద 12 నెలలు వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు. సేవింగ్స్‌లో 6,500 ఉన్నాయి, అవి కదపడం ఇష్టం లేదు. హైదరాబాద్ ప్లాటు అడ్వాన్సుకు వాడిన క్రెడిట్ కార్డుల్లో 9,000 బాకీ ఉంది. డిసెంబర్‌లో నెల రోజులు ఇండియా వెళ్తున్నాం. కొనమంటారా?

జవాబు: పిస్టల్ ధర రాశారు, సేఫ్ ధర రాశారు, శిక్షణ ఫీజు కూడా రాశారు. ఆ 60 తులాలకు ఇన్సూరెన్స్ ఎంత ఉందో మాత్రం రాయలేదు. దొంగల భయంతో నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది ఈ ఒక్క ముక్కే వదిలేస్తారు. అందుకే మీ ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే ఇస్తున్నాను.

ముందు మీ ఇంటి పాలసీ తీయండి. లోపలి పేజీల్లో ప్రత్యేక పరిమితులని ఓ పట్టిక ఉంటుంది. మామూలు పాలసీల్లో నగలు దొంగతనానికి గురైతే ఇచ్చేది 1,500 డాలర్లు. ఒక్కో నగకు కాదు, అన్నిటికీ కలిపి. ఇవాళ్టి ధరకు ఆ డబ్బుతో రెండు తులాలు కూడా రావు. అదే పట్టికలో తుపాకులు పోతే ఇచ్చేది 2,500 అని ఉంటుంది. అంటే మీ కొత్త పిస్టళ్లకు మీ అత్తగారు పెట్టిన హారం కంటే ఎక్కువ రక్షణ ఉందన్నమాట! పోనీ, పోయిన బంగారాన్ని ట్యాక్సులో నష్టంగా చూపిద్దామనుకుంటారేమో, 2018 నుంచి ఇంట్లో జరిగే మామూలు దొంగతనాలకు ఆ దారీ లేదు.

దీనికి మందు నగల రైడర్. ఒక్కో నగనూ పేరు పేరునా పాలసీలో చేర్పించడం. ఖర్చు మామూలుగా ఏడాదికి నగ విలువలో ఒకటి నుంచి రెండు శాతం, అంటే మొత్తం 60 తులాలకూ చేయిస్తే 700 నుంచి 1,400 డాలర్లు. అంత వద్దనుకుంటే పెద్దవి నాలుగైదు చేయించి, ఏడాదికోసారి కూడా తీయనివి బ్యాంకు లాకర్లో పడేయండి. లాకర్లో పెట్టినవాటికి రైడర్ ప్రీమియం తగ్గుతుంది. కానీ లాకర్లో ఉంది కదా అని బీమా మానేయకండి, డిపాజిట్లకుండే ఎఫ్‌డీఐసీ గ్యారంటీ లాకర్లోని వస్తువులకు వర్తించదు.

అసలు పని అప్రైజల్, అంటే నగకు విలువ కట్టించడం, దగ్గర ఉంటుంది. మన ఊరి బంగారం షాపు బిల్లులో గ్రాములు, తరుగు, మజూరి రాసి ఉంటాయి. ఇక్కడి ఏజెంటుకు అది చాలదు. హారాన్ని తూచి, రాళ్లు లెక్కపెట్టి, ఇటూ అటూ ఫొటో తీసి, క్యారెట్ పరీక్షించి, ఇప్పుడు ఇలాంటిది కొనాలంటే ఎంతవుతుందో రాసిచ్చిన కాగితం కావాలి. అమ్మమ్మ ఇచ్చిన గుండ్ల పేరుకు అసలు బిల్లే ఉండదు కాబట్టి అలాంటివాటికే ముందు చేయించండి. బంగారం ధర పెరిగినప్పుడల్లా మళ్లీ రాయించుకోవాలి. అయిదేళ్ల కిందటి కాగితం పెట్టుకుని ఇవాళ్టి ధర అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఇక తుపాకీ. మీ వీధిలో దొంగలు పడింది ఇంట్లో ఎవరూ లేనప్పుడు. అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2003-07 లెక్కల్లో ఏటా సగటున 37 లక్షల ఇళ్ల దొంగతనాలుంటే, ఇంట్లో మనిషి ఉండగా జరిగినవి దాదాపు 10 లక్షలు. మిగతావాటిలో మేడమీది పిస్టల్ ఏం చేస్తుంది? బంగారంతో పాటు అదీ దొంగ సంచిలోకే పోతుంది. డిసెంబర్‌లో మీరు ఇండియాలో ఉన్నప్పుడూ అంతే.

భయం ఉత్తదని అనడం లేదు. భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లలోకి మనుషులుండగానే చొరబడి, కట్టేసి దోచుకున్న ముఠా ఒకటి 2011-14 మధ్య జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్‌లలో తిరిగింది. ముఠాను నడిపిన టెక్సస్ మహిళకు మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష వేసింది. అలాంటి రాత్రి కోసం తుపాకీ కావాలని మీ ఇద్దరూ కూర్చుని అనుకుంటే అది మీ ఇంటి నిర్ణయం. గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి కొనే హక్కూ ఉంది. కానీ అదే కప్పు కింద మరో ముగ్గురున్నారు.

మీ బామ్మర్ది ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉంటే, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం అతని దగ్గర తుపాకీ ఉండకూడదు. ఎఫ్-1కే కాదు, హెచ్-1బీ, హెచ్-4లకూ ఇదే లెక్క. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలు, ఆపైన దేశం నుంచి పంపేయడం. తుపాకీ మీ పేరు మీదే ఉన్నా, సేఫ్ కోడ్ అతనికి తెలిసిందంటే చిక్కే. ‘మేం లేనప్పుడు నువ్వు చూసుకోరా’ అనే మాట అసలు రాకూడదు. కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఓ గంట మాట్లాడండి, ఆ ఫీజు దండగ కాదు.

పిల్లల సంగతి. 2020 నుంచి అమెరికాలో 1-19 ఏళ్ల వాళ్ల మరణాలకు మొదటి కారణం తుపాకీ. రోడ్డు ప్రమాదాలు దాని తర్వాతే. 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తూటాలు నింపిన తుపాకీ ఉంచితే టెక్సస్‌లో నేరం. కాబట్టి అది తాళంలోనే ఉండాలి. తాళంలో ఉన్నది అర్ధరాత్రి నిద్రమత్తులో ఎంతసేపట్లో చేతికొస్తుందో మీరే చూసుకోండి. నన్నడిగితే 13 ఏళ్ల పిల్లాడున్న ఇంట్లో రెండు పిస్టళ్లు వద్దు, ఒకటీ వద్దు.

అయినా కొంటామంటే అంబ్రెల్లా పాలసీ, అంటే ఇంటి, కారు బీమాల పరిమితి దాటిన దావాలకు ఆదుకునే అదనపు పాలసీ, లేకుండా కొనకండి. ఆత్మరక్షణ కోసం న్యాయంగా కాల్చిన కాల్పులకు టెక్సస్ చట్టం సివిల్ దావాల నుంచి కాపు కాస్తుంది. ఆడుకోవడానికొచ్చిన మీ అబ్బాయి స్నేహితుడికి పొరపాటున తగిలితే ఆ కాపు లేదు. 10 లక్షల డాలర్ల అంబ్రెల్లా ఏడాదికి కొన్ని వందలే. దానికి ముందు కారు లయబిలిటీ, అంటే మీ వల్ల ఇతరులకు జరిగే నష్టానికిచ్చే బీమా, పెంచుకోవాలి. టెక్సస్ కనీసమైన 30/60/25 (గాయాలకు మనిషికి 30 వేలు, ప్రమాదానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు) మీద బండి నడుపుతూ ఇంటికి తుపాకీ తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే మిమ్మల్ని రోడ్డున పడేసే ప్రమాదం రోడ్డు మీదే ఎక్కువ. ఏజెంటును మరో మాట కూడా అడగండి: కావాలని చేసిన గాయానికి పాలసీ ఇవ్వదు కదా, ఆత్మరక్షణకు మినహాయింపు ఉందా? ఉంటే ఆ పేజీ ఈమెయిల్‌లో పంపమనండి. నోటిమాట చాలదు.

ఆ స్టోర్ కార్డు మాత్రం ముట్టుకోవద్దు. ‘12 నెలలు వడ్డీ లేదు’ అనేవాటిలో చాలావరకు వడ్డీని మాఫీ చేయవు, వాయిదా వేస్తాయి అంతే. పదమూడో నెలకు 50 డాలర్లు మిగిలినా, మొదటి రోజు నుంచి ఏ నెలకు ఎంత బాకీ ఉందో దాని మీద వడ్డీ లెక్కగట్టి ఒక్కసారే వేస్తారు. స్టోర్ కార్డుల వడ్డీ 30 శాతం దాకా ఉంటోంది. ప్లాటు అడ్వాన్సును క్రెడిట్ కార్డు మీద కట్టినవాళ్లు గడువులోగా అణా పైసలతో తీర్చేస్తారంటే నేను నమ్మను, క్షమించండి. సేవింగ్స్ కదపనన్నారు, అది సరైన పనే. కానీ 6,500 అంటే మీ ఇంటి వాయిదా, పిల్లల ఖర్చులు, సరుకులు కలిపితే ఒక్క నెలకు సరిపోతుందేమో. ఉద్యోగం పోతే దొంగ రాకుండానే ఇల్లు పోతుంది. కార్డుల బాకీ తీరాక కనీసం ఆరు నెలల ఖర్చు పోగేయండి. ప్లాటు మిగతా వాయిదాలు దాని తర్వాతే.

అలారం, కెమెరాలు పెట్టుకోండి, ఇంటి పాలసీలో కొంత తగ్గింపు రావచ్చు.

ఈ వారం చేయాల్సింది ఇంతే. ఏజెంటుకు ఫోన్ చేసి నగల పరిమితి ఎంతో కనుక్కోండి, అప్రైజర్ దగ్గర టైమ్ తీసుకోండి. అతను వారం పది రోజులు తీసుకుంటాడు, పాలసీలో చేరడానికి మరికొన్ని రోజులు పడుతుంది కాబట్టి డిసెంబర్ ప్రయాణానికి ముందే అయిపోవాలి. ఇండియాకు వేసుకెళ్లే నగలుంటే రైడర్ విదేశాల్లోనూ పనిచేస్తుందో లేదో అడగండి. ఇంట్లో వదిలి వెళ్లేవి, నెల రోజులు ఇల్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి, బయల్దేరే ముందే లాకర్లో పెట్టేయండి.