"మనుషులు 10 రకాలు" జోక్‌లో నవ్వేముంది?

"లోకంలో మనుషులు 10 రకాలు: బైనరీ తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు." మిగతా ఎనిమిది రకాలేవని కదా మీ సందేహం? లేవండి. అక్కడున్నది పది కాదు, రెండు.

మన మామూలు లెక్కలో కుడి నుంచి ఒకట్లు, పదులు, వందల స్థానాలు. బైనరీ అంటే 0, 1 అంకెలతోనే రాసే లెక్క; అందులో అవే ఒకట్లు, రెండ్లు, నాలుగుల స్థానాలు. కాబట్టి 10 అంటే ఒక రెండు, సున్నా ఒకట్లు. ఇది రాస్తేనే పేలుతుంది. పైకి "పది రకాలు" అని చదివారో, జోక్ చచ్చినట్టే!

నాకైతే ఇంకోటి ఎక్కువ ఇష్టం. ప్రోగ్రామర్లకు హాలోవీన్ (అక్టోబర్ 31), క్రిస్మస్ (డిసెంబర్ 25) ఒకటేనట. ఎందుకంటే "ఆక్ట్ 31" అంటే "డెక్ 25". ఆక్ట్‌ని అక్టోబర్ అనుకోకుండా ఆక్టల్ (ఎనిమిదుల లెక్క) అనుకోండి, డెక్‌ని డిసెంబర్ అనుకోకుండా డెసిమల్ (మన మామూలు పదుల లెక్క) అనుకోండి. ఆక్టల్‌లో 31 అంటే మూడు ఎనిమిదులు, ఇంకో ఒకటి. మొత్తం 25.