టెస్టులో 0.94, కొత్త రికార్డుల మీద 0.58: రీఅడ్మిషన్ మోడల్

డిశ్చార్జి అయిన పేషెంటు మళ్లీ ఆస్పత్రిలో చేరతడా అని అంచనా వేసే మీ మోడల్‌లో, ఒకే పేషెంటు రికార్డులు ట్రైనింగ్‌లోనూ (మోడల్ నేర్చుకునే డేటా) టెస్టులోనూ (దాన్ని పరీక్షించే డేటా) పడ్డట్టుంది. టెస్టులో ఏయూసీ (మోడల్ ఎంత బాగా వేరుచేస్తదో చెప్పే స్కోరు; 0.5 అంటే ఉత్త ఊహ, 1 అంటే తప్పు లేనట్టు) 0.94 వచ్చి, నల్లగొండ ఆస్పత్రి కొత్త రికార్డుల మీద 0.58కి పడిపోయిందంటే మొదట అనుమానించాల్సింది ఇదే.

1. ఐపీ నంబరుతో (ఇన్‌పేషెంటుగా చేరినప్పుడు ఇచ్చే నంబరు) డేటా విడగొట్టకండి. అడ్మిషన్ అయినప్పుడల్లా అది మారుతది.

2. ముందు మనిషిని గుర్తించాలె. చాలామంది వదిలేసేది ఇదే. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం కలిపి ఒక్క ఐడీ చేయండి. వయసు కాలమ్ మాత్రం ఏటా మారుతది, దాన్ని కలపొద్దు. ఫోన్ నంబరు ఒక్కదాన్నే నమ్మొద్దు, తోడొచ్చినవాళ్లది కావచ్చు. లక్ష్మమ్మ స్పెల్లింగు ఇంగ్లీషులో నాలుగు తీర్లుంటది. అనుమానమున్నవి కండ్లతో చూసి కలపండి.

3. ఆ ఐడీతో గ్రూప్‌కేఫోల్డ్ వాడండి: ఒక మనిషి రికార్డులన్నీ ఒకే వైపు, ట్రైనింగ్‌లోనో టెస్టులోనో, ఉండేటట్టు డేటా విడగొట్టే పద్ధతి ఇది.

4. డిశ్చార్జి తర్వాత నింపిన కాలమ్స్ తీసేయండి, అంచనా వేసే టైముకు అవి ఉండవు.

5. హైదరాబాద్ ఎర్రగడ్డ లాంటి వేరే ఆస్పత్రిలో చేరినవాళ్లు మీ లెక్కల 'తిరిగి చేరలేదు' అని పడతరు. ఫాలోఅప్‌లో అడిగి లేబుల్ సరిచేయండి.